ఇండెక్స్ లోపలికి తొంగిచూడాలంటే

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

చి. అమ్మాయికి, మావయ్య ఆశీస్సులు.

రుషికొండలో ఉద్యోగంలో చేరగానే డేటాబేస్ ఇండెక్స్ (టేబుల్‌లో వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) లోపల ఏముందో చూడాలని నీకు అనిపించడం చాలా సంతోషం. చాలామంది ఏదైనా తేడా వస్తే రీఇండెక్స్ కొట్టేసి, అంటే ఇండెక్స్‌ను మళ్లీ కట్టించేసి ఊరుకుంటారు. దాంతో జబ్బు పోతుంది కానీ, ఎందుకొచ్చిందో ఇక తెలియదు.

మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ కదా. ఇండెక్స్ ఉబ్బిందేమోనన్న అనుమానమే అయితే పీజీస్టాట్‌ఇండెక్స్ అనే ఫంక్షన్ చాలు. లీఫ్ పేజీలు, అంటే చెట్టులా ఉండే ఇండెక్స్‌లో అట్టడుగు పేజీలు, సగటున ఎంత శాతం నిండాయో చెప్పేస్తుంది. మామూలు ఇండెక్స్ రకమైన బీ-ట్రీకి ఫిల్‌ఫ్యాక్టర్ (పేజీని ఎంత శాతం వరకు నింపాలనే హద్దు) మామూలుగా 90. నీకు 40 కనిపిస్తే చాలా చోటు వృథాగా ఉన్నట్టే. అయితే అది ఇండెక్స్ మొత్తం చదువుతుంది, రద్దీ వేళ నడపకు.

ఎంట్రీలనే చూడాలంటే పేజ్‌ఇన్‌స్పెక్ట్ అనే ఎక్స్‌టెన్షన్. సూపర్‌యూజర్ హక్కు కావాలి, మీ డేటాబేస్ చూసుకునే డీబీఏ గారిని అడుగు. దీని మీద మాత్రం తీరిగ్గా కూర్చో. 0వ పేజీ మెటా పేజీ, రూట్ (చెట్టు పైకొసన ఉండే పేజీ) ఎక్కడుందో బీటీ_మెటాపీ చెబుతుంది. అక్కణ్నుంచి బీటీ_పేజ్_ఐటమ్స్‌తో ఒక్కో మెట్టూ దిగు. పై పేజీల్లో సీటీఐడీ అనే కాలమ్ కింది పేజీ నంబరు ఇస్తుంది, లీఫ్‌లో టేబుల్‌లోని వరుస చోటు చూపిస్తుంది. విలువలు హెక్సాలో (16 ఆధారంగా రాసే అంకెల్లో) ఉంటాయి. మన మామూలు సర్వర్లలో బిగింట్ (8 బైట్ల పూర్ణాంకం) 258 అయితే "02 01 00 00 00 00 00 00" అని కనిపిస్తుంది, వెనక నుంచి చదువుకోవాలి. కుడి చివరి పేజీ కాకపోతే మొదటి ఎంట్రీ హై కీ. అది పేజీకి హద్దు మాత్రమే, డేటా కాదు. ఒక వరుస ఎక్కువొచ్చిందని టెన్షన్ పడకు. 13వ వెర్షన్ నుంచి ఒకే విలువ ఉన్న ఎంట్రీలు కలిసిపోవచ్చు, అప్పుడు ఆ వరుసల చోట్లన్నీ ఉండే టిడ్స్ కాలమ్ కూడా చూడాలి.

పీజీ_ఫైల్‌డంప్ అనే టూల్ డిస్క్ మీది ఫైలును నేరుగా చదువుతుంది. సర్వర్ లేవనప్పుడు అదే దిక్కు. సర్వర్ నడుస్తుంటే తాజా మార్పులు ఇంకా మెమరీలోనే ఉండొచ్చు, దాన్ని నమ్ముకోకు.

ఉన్న వరుస వెతికితే దొరకడం లేదంటే, పేజీలు కళ్లతో గాలించకుండా, ఇండెక్స్ సరిగ్గా ఉందో లేదో చూసే ఆమ్‌చెక్ నడుపు. లినక్స్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీ 2.28లో అక్షరాల వరుసక్రమం మారింది. ఓఎస్ అప్‌గ్రేడ్‌తో టెక్స్ట్ ఇండెక్సులు దెబ్బతినేది అలాగే. ఆమ్‌చెక్‌లోని బీటీ_ఇండెక్స్_చెక్ పనివేళల్లోనూ నడపొచ్చు. బీటీ_ఇండెక్స్_పేరెంట్_చెక్ మాత్రం ఆ టేబుల్‌లో రాతలను ఆపేస్తుంది, రాత్రికి పెట్టుకో. పేర్ల కాలమ్ మీది ఇండెక్స్‌తోనే మొదలుపెట్టి, ఏమొచ్చిందో నాకు రాయి.

మీ మావయ్య