సెమీ ఆటో రైఫిల్‌కి రీలోడింగ్ మొదలుపెడుతున్న మా అబ్బాయికి

చిన్నా,

రెండేళ్లుగా బోల్ట్ రైఫిల్‌కి రీలోడ్ చేస్తున్నావు కదా, కాల్చిన ఇత్తడి కేసుల్లో కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటాలు చేస్తూ. ఇప్పుడు అదే ప్రెస్ (కేసుల్ని అచ్చులోకి నొక్కే పరికరం) మీద, కాల్చగానే తనంతట తానే తర్వాతి తూటా ఎక్కించుకునే సెమీ ఆటోకి కూడా తూటాలు చేసుకుంటానని రాశావు. చట్టం, లైసెన్సు సంగతి నువ్వు చూసుకునే ఉంటావు, చూసుకోకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చూడు. తెలిసిన పనే కదా అనుకుంటున్నావు, నాకు భయం అక్కడే.

బోల్ట్ రైఫిల్‌లో తూటా లోపలికి వెళ్లేటప్పుడు నీ చెయ్యి బోల్ట్ మీదే ఉంటుంది. కాస్త బిగుతుగా ఉన్నా, ఎక్కడైనా పట్టేసినా అరచేతికి తెలిసిపోతుంది, ఆగుతావు. సెమీ ఆటోలో ఆ చెయ్యి ఉండదు. స్ప్రింగు బోల్ట్‌ని ముందుకు విసిరికొడుతుంది, తూటా సరిగ్గా ఉందో లేదో దానికి అనవసరం. అందుకే ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) దగ్గర నీ చేతికి తెలిసే తప్పులన్నీ ఇక ఇంట్లో బల్ల దగ్గరే పట్టుకోవాలి.

నాకు ఇది దెబ్బ తగిలాకే అర్థమైంది. బోల్ట్ రైఫిల్‌లో కాల్చిన .308 (ఒక తూటా సైజు) కేసుల్ని మెడ వరకే సైజ్ చేసి, అంటే కాల్చినప్పుడు ఉబ్బిన ఇత్తడిని అచ్చులో నొక్కి మళ్లీ కొలతకి తెచ్చి, వాడేవాణ్ణి, దానిలో చక్కగా పనిచేసేవి. ఒకరోజు అవే తూటాలు సెమీ ఆటో మ్యాగజైన్‌లో వేశాను. మూడోది సగంలో ఇరుక్కుపోయింది. బోల్ట్ పూర్తిగా మూసుకోదు, లాగితే వెనక్కి రాదు, లోపల పేలని తూటా. గొట్టాన్ని మట్టిగట్టు వైపు పట్టుకుని కదలకుండా నిలబడ్డాను, రేంజ్‌లో అందరి చేతా కాల్పులు ఆపించి, అనుభవమున్న పెద్దాయన వచ్చి తీసేదాకా నా చేతులు చల్లబడిపోయాయి. బోల్ట్ పూర్తిగా మూసుకోకుండా అది పేలి ఉంటే ఆ కేసుని ఆపేది ఏదీ లేదు.

కాబట్టి ప్రతి కేసునీ, ప్రతిసారీ, ఫుల్ లెంగ్త్ సైజ్ చెయ్యి, అంటే మెడ ఒక్కటే కాదు, కేసు మొత్తం. నీ రైఫిల్‌లో కాల్చిన కేసు భుజం (మెడ కింద వాలు) ఎక్కడుందో కొలిచి, దాన్ని 0.003 నుంచి 0.004 అంగుళం వెనక్కి నెట్టేలా డై (సైజ్ చేసే అచ్చు) సర్దుకో. బోల్ట్ రైఫిల్‌కి 0.001, 0.002 చాలు, ఇక్కడ కాస్త ఎక్కువ వదులు కావాలి. అలాగని ఇంకా ఎక్కువ నెట్టేస్తే, కాల్చిన ప్రతిసారీ ఇత్తడి సాగి, అడుగుకి కాస్త పైన పలచబడి, ఒకరోజు కేసు అక్కడే రెండు ముక్కలవుతుంది. దాన్ని ముందే పట్టుకునే పద్ధతి ఒకటుంది: పేపర్ క్లిప్ తీగని సాగదీసి, చివర చిన్న కొక్కెంలా వంచి, ఖాళీ కేసు లోపల అడుగు నుంచి పైకి గోడని రాస్తూ లాగు. నున్నగా వస్తే మంచిది. గోరు గాడిలో పడ్డట్టు తీగ ఒకచోట ఆగితే ఆ కేసు పని అయిపోయింది, బయట ఆ చోటే సన్నటి మెరిసే గీత కూడా కనిపించవచ్చు. ఇత్తడి ఖరీదు గుర్తొచ్చి ఇంకోసారి వాడదాం అనుకోకు, ప్లయర్స్‌తో నొక్కేసి పారేయి.

ఇప్పుడు ప్రైమర్ (కేసు అడుగున ఉండి, దెబ్బకి పేలి పౌడర్‌ని అంటించేది) సంగతి, ఇది రెండుసార్లు చదువు. ఏఆర్-15, ఎం1 గారండ్, ఎస్‌కెఎస్ లాంటి సెమీ ఆటోల్లో, ప్రైమర్‌ని కొట్టే ఫైరింగ్ పిన్‌ని వెనక్కి పట్టి ఉంచే స్ప్రింగు మామూలుగా ఉండదు. బోల్ట్ ముందుకొచ్చి ఆగగానే పిన్ తన ఊపుతో వెళ్లి ప్రైమర్‌ని ముద్దాడుతుంది. నమ్మకపోతే, ఈసారి రేంజ్‌లో ఒక తూటా ఛాంబర్‌లోకి ఎక్కించి, కాల్చకుండా బయటికి తీసి చూడు, ప్రైమర్ మధ్యలో చిన్న చుక్కలాంటి సొట్ట ఉంటుంది. ఆ ప్రైమర్ కేసు అడుగు మట్టం కన్నా పైకి ఉంటే ట్రిగ్గర్ నొక్కకుండానే పేలొచ్చు. ప్రతి తూటా అడుగు మీదా చూపుడు వేలు రాసి చూడు, ప్రైమర్ చిన్న గుంటలో కూర్చున్నట్టు తగలాలి. 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉంటే బాగుంటుంది. గట్టి దెబ్బ తగిలితేనే పేలేలా చేసిన మిలిటరీ తరహా ప్రైమర్లు ఉన్నాయి, సీసీఐ కంపెనీలో పెద్దది 34, చిన్నది 41, నేను అవే వాడతాను. మిలిటరీ ఇత్తడి దొరికితే ప్రైమర్ గుంత అంచు నొక్కి ఉంటుంది, దాన్ని సాపు చేశాకే కొత్తది కూర్చోబెట్టు. ఇంకో మాట, ఒక్క తూటాని చేత్తో ఛాంబర్‌లో పడేసి బోల్ట్ వదలకు, మ్యాగజైన్ నుంచే ఎక్కనివ్వు, తూటాని తోసుకుంటూ వస్తే బోల్ట్ జోరు కాస్త తగ్గుతుంది.

కేసు పొడవు మర్చిపోకు. .223కి గరిష్ఠం 1.760 అంగుళాలు, 1.750కి కోసుకో. .308 అయితే 2.015, కోసేది 2.005కి.

బుల్లెట్ (తూటా కొసన ఉండి గొట్టంలోంచి ఎగిరిపోయే ముక్క) కేసు మెడలో గట్టిగా ఉండాలి, ఎందుకంటే మ్యాగజైన్ నుంచి ఎక్కేటప్పుడు దాని ముక్కు ర్యాంపుకి (ఛాంబర్‌లోకి వెళ్లే వాలుకి) గుద్దుకుంటుంది, కేసు లోపలికి జారితే ప్రెషర్ పెరుగుతుంది. తయారైన తూటా పొడవు కొలిచి, రేంజ్‌లో గొట్టం క్షేమమైన దిక్కుకి పెట్టి, ఒకసారి ఎక్కించి తీసి మళ్లీ కొలువు. పొడవు మారిందంటే మెడ పట్టు చాలలేదు.

పౌడర్ కొలత నన్ను అడగకు, నేను చెప్పను, ఏ స్నేహితుడు చెప్పినా రాసుకోకు. పౌడర్ తయారుచేసినవాళ్ల మాన్యువల్ తెరిచి, నీ బుల్లెట్ బరువుకి ఇచ్చిన కనీసపు కొలత నుంచి మొదలుపెట్టు. పౌడర్ కాలిన గ్యాస్‌తో బోల్ట్ నడిచే రైఫిల్‌కి పౌడర్ ఎంత వేగంగా కాలుతుందన్నది కూడా ముఖ్యమే. గారండ్‌లో మరీ నెమ్మదిగా కాలేది వేస్తే గ్యాస్ రంధ్రం దగ్గర ప్రెషర్ మిగిలి ఆపరేటింగ్ రాడ్ (బోల్ట్‌ని నడిపే కడ్డీ) వంగుతుంది, అందుకే దానికి ఐఎంఆర్ 4895, 4064 లాంటివి వాడతారు. మిలిటరీ కేసులు చాలావాటికి గోడ మందం ఎక్కువ, లోపల చోటు తక్కువ, వాటికి మళ్లీ కింద నుంచే మొదలుపెట్టాలి. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. పౌడర్ పోసిన కేసులన్నీ ట్రేలో పెట్టి, బుల్లెట్ కూర్చోబెట్టే ముందు టార్చ్ వేసి వరస వెంట ఒక్కొక్కదానిలోకీ చూడు, మట్టం తేడా కంటికే దొరుకుతుంది. మధ్యలో ఫోన్ మోగితే ఆ కేసు ఖాళీ చేసి మళ్లీ మొదటి నుంచి పోయి.

పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో, కాల్చిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది, పిల్లలున్న ఇల్లు నీది.

మొదట పది తూటాలే చెయ్యి. కాల్చాక ఖాళీ కేసులు పారేయకుండా వరసగా పెట్టి, అడుగు వైపు నుంచి దగ్గరగా ఫోటో తీసి నాకు పంపు, ప్రైమర్లు చూశాక పదకొండోది చేద్దువుగాని.

మీ పెదనాన్న