నార్వే నుంచి వలసొచ్చిన ఇళ్ళలో అక్కచెల్లెళ్ళంతా టీచర్లు ఎలా అయ్యారు?

మీరడిగింది: "అమెరికాకు వలసొచ్చిన నార్వే కుటుంబాల్లో ఒకే ఇంటి ఆడపిల్లలు ముగ్గురేసి, నలుగురేసి టీచర్లయ్యారని చదివాను. ఏదో అలా కలిసొచ్చిందా, కారణమేమైనా ఉందా?"

కారణం ఉంది. నేను చదివి తెలుసుకున్నది కొంత, మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ నోట విన్నది ఎక్కువ.

2009లో మా ఆయన ఉద్యోగం మినెసోటాలోని రాచెస్టర్‌లో. మేం పై వాటాలో, ఎనభై దాటిన ఆ ఇంటావిడ కింద ఒక్కరే. ఆవిడ సొంతూరు అయోవా రాష్ట్రంలో డెకోరా పక్క పల్లె. డెకోరా అంటే నార్వే వాళ్ళకు పుట్టినిల్లంత. నార్వే భాషలో ‘డెకోరా పోస్టెన్’ అనే పత్రిక అక్కడ 1874 నుంచి 1972 దాకా నడిచింది. ఆవిడ అమ్మ, అమ్మకు అక్క, అమ్మకు చెల్లెలు, ముగ్గురూ టీచర్లే. ఇంగ్లీషులో అందరూ ఆంటీలే కదా, ఎవరి సంగతి చెబుతున్నారో నాకు అర్థమయ్యేది కాదు. విసిగిపోయి పెద్దమ్మ, పిన్ని అన్న మాటలు ఆవిడకు నేనే నేర్పాను. పిన్ని బాగానే వచ్చింది. పెద్దమ్మ మాత్రం ఎప్పటికీ ‘పెదామా’నే.

ముందు నార్వే సంగతి. సాగుకు పనికొచ్చే నేల అక్కడ నూటికి మూడు పాళ్ళే, మిగతాదంతా కొండలూ అడవులూ. పొలం పెద్దకొడుక్కి పోతే మిగిలినవాళ్ళు ఓడెక్కారు. పేదవాళ్ళే, కానీ నిరక్షరాస్యులు కారు. 1736లో అక్కడ ఒక చట్టం వచ్చింది. పిల్లలందరూ, ఆడా మగా తేడా లేకుండా, చర్చిలో కన్ఫర్మేషన్, అంటే క్రైస్తవ విశ్వాసాన్ని తమ నోటితో ఒప్పుకునే తంతు, చేయించుకోవాలి. దానికి మతపాఠం నేర్చుకుని పాదిరి అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అది కాకపోతే పెళ్ళి కూడా చెయ్యరు! 1739లో పల్లెల్లో బడులు పెట్టాలన్నారు. కొండల్లో విసిరేసినట్టుండే ఇళ్ళకు బడి ఎక్కడ కడతారు? పంతులే ఇంటింటికీ తిరుగుతూ, ఒక్కో ఇంట్లో కొన్నాళ్ళుండి చదువు చెప్పేవాడు. అలా ఆడపిల్లకు అక్షరాలు రావడం వాళ్ళకు తరాల నాటి అలవాటు.

ఇక అమెరికాలో పల్లెటూరి ఆడపిల్లకు ఉన్న దారులు మూడు. పెళ్ళి, పట్నంలో ఎవరింట్లోనో పనిమనిషి, లేదా బడి. ఆడ టీచరుకు మగ టీచరు కన్నా తక్కువ జీతమిస్తే సరిపోయేది కనక బడి బోర్డులకూ వీళ్ళే ముద్దు. ఈ మాట ఎవరూ గొప్పగా చెప్పుకోరు గానీ అసలు కిటుకు అక్కడుంది.

పెద్దమ్మ ఆరేళ్ళప్పుడు బడిలో చేరేనాటికి ఇంగ్లీషు ముక్క రాదు. బయటికి వెళ్ళాలని అడగడం తెలియక మొదటిరోజే గౌను తడుపుకుంది. పద్దెనిమిదేళ్ళకి కౌంటీ (మన జిల్లా లాంటిది) టీచర్లకు పెట్టే పరీక్ష పాసై, అలాంటిదే ఒక ఒంటిగది బడిలో టీచరైంది. ఎనిమిది తరగతులూ ఆ గదిలోనే, మధ్యలో పొయ్యి. తెల్లారకముందే వెళ్ళి పొయ్యి రాజేసేదీ తనే, సాయంత్రం గది ఊడ్చేదీ తనే. కొత్తగా చేరిన పిల్లలకు ఏబీసీడీల కన్నా ముందు ‘నేను బయటికి వెళ్ళొచ్చా’ అన్న వాక్యం నేర్పేదట. ఎండాకాలం సెలవుల్లో చర్చి వాళ్ళు కొన్ని వారాలు నార్వే బడి నడిపేవారు. అక్కడ ఆ పిల్లలకే నార్వే భాషలో మతపాఠం చెప్పేదీ ఈవిడే.

ఆ జీతంతో చెల్లెలిని సీడర్ ఫాల్స్‌లో టీచర్ ట్రైనింగుకు పంపింది. 1876లో పెట్టిన కాలేజీ అది, ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ నార్తర్న్ అయోవా. ఆ చెల్లెలికి ఉద్యోగం వచ్చాక ఇద్దరూ కలిసి మూడోదాన్ని పంపారు. మీరడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే: ఒకళ్ళు ఒడ్డెక్కితే వెనకవాళ్ళకు చెయ్యి అందించారు. మా తెనాలి ఇంట్లోనూ అంతే. అమ్మ టీచరై ఇద్దరు పిన్నులకు ట్రైనింగ్ ఫీజులు కట్టింది, అందుకే ఆవిడ కథ నాకు చప్పున ఎక్కింది.

నడిపావిడ, అంటే ఇంటావిడ అమ్మ, పెళ్ళి చేసుకుంది. ఉద్యోగం పోయింది. పెళ్ళయిన ఆడవాళ్ళను ఆ రోజుల్లో చాలా బోర్డులు ఉంచుకునేవి కావు. మిగతా ఇద్దరూ పెళ్ళే చేసుకోలేదు. "అయ్యో, చదువు కోసం త్యాగం చేశారా" అన్నాను. ఆవిడ నావైపు అదోలా చూసి, "త్యాగమా? మా మామయ్య కన్నా ముందు కారు కొన్నది పెదామా" అన్నారు.

1918 మేలో, మొదటి ప్రపంచ యుద్ధం వేడిలో, అయోవా గవర్నర్ హార్డింగ్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. బడుల్లో, రైళ్ళలో, నలుగురిలో, ఆఖరికి ఫోన్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలి. జర్మన్ మీద కోపంతో తెచ్చినది నార్వే వాళ్ళకూ తగిలింది. పల్లెల్లో అప్పుడు నాలుగిళ్ళకూ కలిపి ఒకటే ఫోన్ లైను, ఎవరు ఎత్తినా వినపడుతుంది. అక్కాచెల్లెళ్ళు ఫోన్లో పొడిపొడిగా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడి, అసలు సంగతులు ఉత్తరాల్లో రాసుకునేవారు. ఆజ్ఞ ఉన్నది కొన్ని నెలలే. నార్వే బడులు మాత్రం ఆ తర్వాత పల్చబడుతూ వచ్చాయి.

క్రిస్మస్ ముందు ఆవిడ లెఫ్సా అనే నార్వే రొట్టె చేస్తుంటే సాయానికి దిగేదాన్ని. ఉడికించిన బంగాళాదుంప, వెన్న, మైదా కలిపిన పిండిని గాట్లున్న కర్రతో వత్తుతారు. పీటకు తొడిగిన బట్ట మీద గుండ్రటి గీతలుంటాయి, అవి పిండిలోంచి కనిపించేంత పల్చగా రావాలి. కాలేటప్పుడు సన్నటి పొడుగు చెక్కతో తిప్పుతారు. అప్పడాలు వత్తిన చెయ్యి కదా అని నేను ధీమాగా కూర్చుంటే మొదటి మూడూ చిరిగాయి. నాలుగోది చూసి ఆవిడ పిండి వేలితో గాలిలో టిక్కు కొట్టారు. అది పిన్ని అలవాటట.

ఆ ఉత్తరాలు ఇంకా ఆవిడ దగ్గరే ఉన్నాయి, పూలు చిత్రించిన పాత పెట్టెలో. ఆవిడకు నార్వే భాష చదవడం రాదు. ఊళ్ళో అందరికీ ఇంగ్లీషు నేర్పిన ఆ ముగ్గురూ ఇంట్లో పిల్లలతో కూడా ఇంగ్లీషే మాట్లాడేశారు మరి. డెకోరాలో తెలిసినాయన చేత ఒకటి చదివించుకున్నారు. ఏముందని అడిగితే నవ్వారు. బూట్లకి ఇంత, బసకి ఇంత, పుస్తకాలకి ఇంత అని లెక్కలు. మధ్యమధ్య టర్మ్, సర్టిఫికెట్ లాంటి ఇంగ్లీషు మాటలు. మా అమ్మ పిన్నికి రాసిన కార్డుల్లో ‘ఎగ్జాము ఫీజు కట్టావా, హాస్టల్ బిల్లు పంపు’ అన్నట్టే.