మిర్చి యార్డు చిట్టాల నుంచి సప్లై చైన్ అనలిటిక్స్‌కు

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాదిలో ఉంది. సప్లై చైన్‌లో డేటా అనలిటిక్స్ నేర్చుకుంటానంటోంది. విజయవాడలో ఒక శిక్షణ సంస్థ లక్షన్నర ఫీజు అడుగుతోంది. అప్పు చేసి చేర్పించమంటారా?

జవాబు: ఇప్పుడే అప్పు చేయకండి. మీ అమ్మాయి ఎంచుకున్న రంగం, అంటే సరుకు రాక, నిల్వ, పంపిణీల లెక్కలను విశ్లేషించే పని, మంచిదే. పైగా స్టాటిస్టిక్స్ చదివినందువల్ల పునాది చాలావరకు పడే ఉంది. ఎక్సెల్, డేటాబేసుల నుంచి వివరాలు రాబట్టే ఎస్‌క్యూఎల్ భాష శ్రద్ధగా కూర్చుంటే కొన్ని నెలల్లో పట్టుబడతాయి. సప్లై చైన్ పాఠాలు ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలైన స్వయం, ఎన్‌పీటెల్‌లలో ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష రుసుము కట్టాలి.

ఈ పనిలో అసలు కిటుకు సగటును గుడ్డిగా నమ్మకపోవడం. ఒక మందుల పంపిణీదారు దగ్గర రోజుకు 40 పెట్టెలు అమ్ముడవుతాయనీ, ఆర్డరు పెట్టిన 5 రోజులకు సరుకు వస్తుందనీ అనుకుందాం. లెక్క ప్రకారం 200 పెట్టెలు మిగిలినప్పుడు ఆర్డరు పెడితే చాలు. కానీ పాత బిల్లులు తిరగేస్తే సరుకు ఒక్కోసారి 3 రోజులకే వచ్చిందనీ, ఒక్కోసారి 8 రోజులు పట్టిందనీ తేలుతుంది. ఆ 8 రోజులకు 320 పెట్టెలు కావాలి. అదనంగా ఆ 120 పెట్టెలూ నిల్వ ఉంచాలా, అంత డబ్బు గోడౌన్‌లో ఇరికించకుండా కొంత కొరతను భరించాలా అన్నది అంకెలతో తేల్చి యజమానికి చెప్పగలగడమే అనలిస్టు పని.

అంతకుముందు చేయవలసిన చాకిరీ ఒకటుంది, దాని గురించి ఎవరూ ప్రకటనల్లో వేయరు. మీ చిట్టాలోనే ఒకచోట ‘తేజ’, ఇంకోచోట ‘తేజా’, మరోచోట ‘ఎస్-17’ అని ఉండవచ్చు. మూడూ ఒకే రకమని మీకు తెలుసు. కంప్యూటరు మాత్రం మూడు రకాలుగా లెక్కగడుతుంది. అలాగే 2021-22లో నల్ల తామర పురుగు తోటలను దెబ్బతీసిన సీజనును మామూలు ఏడాదితో కలిపేస్తే వచ్చే ఏడాది సరుకు రాక అంచనా తప్పుతుంది. ఇలాంటివి పట్టుకోవడానికి సరుకు తెలిసిన మనిషి ఇంట్లోనే ఉండటం మీ అమ్మాయికి కలిసొచ్చిన విషయం.

కాబట్టి మీ యజమాని ఒప్పుకుంటే, రైతుల పేర్లు తీసేసి, గత మూడేళ్ల టిక్కీల (మిర్చి బస్తాల) రాక, రకం, ధర వివరాలను ఎక్సెల్‌లోకి ఎక్కించమనండి. వాటి ఆధారంగా ఏ వారంలో ఎన్ని టిక్కీలు రావచ్చో, కోల్డ్ స్టోరేజీలో ఎంత చోటు కావాలో అంచనా కట్టమనండి. ధర జోస్యం జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లవద్దనండి. అందులో ఎగుమతులు, వాతావరణం, నిల్వలు అన్నీ కలగలిసి ఉంటాయి.

తొలి ఉద్యోగం సంస్థ లెక్కల నివేదికలు తయారు చేసే ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్‌గానో, సరుకు నిల్వలు చూసే ఇన్వెంటరీ విభాగంలోనో దొరకవచ్చు. ఎంత సరుకు అమ్ముడవుతుందో ముందే అంచనా కట్టే డిమాండ్ ప్లానర్ స్థాయి ఉద్యోగాలకు హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వైపు చూడవలసి వస్తుంది. ఆడపిల్లను అంత దూరం పంపడమా అని వెనకాడకండి. రెండేళ్ల అనుభవం తరువాత మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష క్యాట్ రాయాలనుకుంటే, ఒకప్పటి నీటీ, 2023 నుంచి ఐఐఎం ముంబై అయిన సంస్థకు ఈ రంగంలో మంచి పేరుంది.

ఇంత చేశాక కూడా శిక్షణ అవసరమనిపిస్తే, మా యార్డు లెక్కలు తెస్తే వాటి మీద ప్రాజెక్టు చేయిస్తారా అని ఆ సంస్థను అడగండి. అందరికీ ఇచ్చే రెడీమేడ్ ఫైలే ఇస్తామంటే లక్షన్నర కట్టకండి.