ఒకే బుట్టలో కొన్ని తెల్లగా, కొన్ని నల్లగా వస్తే

తమ్ముడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పాసివేషన్‌కి ఒకే బుట్టలో వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నుల్లో కొన్ని మెరుస్తున్నాయి, కొన్ని బూడిద రంగుకు తిరిగాయి. ఇంకో అరగంట యాసిడ్‌లో ఉంచితే సమం అవుతాయా అని అడిగావు. వద్దు, ఉంచకు, ఉన్నవి కూడా పాడవుతాయి.

పాసివేషన్ అంటే స్టీలును యాసిడ్‌లో ముంచి తుప్పు పట్టకుండా చేయడం, అది స్టీలుకు మెరుపు తేదు. పైన అంటుకున్న ఇనుప పొడిని కరిగిస్తుంది, క్రోమియం ఆక్సైడ్ పొరను కుదురుకోనిస్తుంది, అంతే. ఆ పొర మందం కొద్ది నానోమీటర్లే కాబట్టి కంటికి ఆనదు. లేత్ మీద గీతలతో దిగింది గీతలతోనే వస్తుంది, వెల్డింగ్ పక్కన నీలి మచ్చ ఉంటే అదీ పోదు, దానికి పిక్లింగ్ (ఘాటైన యాసిడ్‌తో పై పొరను కరిగించడం) విడిగా చేయించాలి. రంగు మారిందంటే మాత్రం యాసిడ్ లోహాన్ని తినేసినట్టే.

నేనైతే మొదట గ్రేడ్‌నే, అంటే స్టీలు రకాన్నే అనుమానిస్తాను. 304లో 303 కలిసిపోయి ఉంటుంది. 303లో కోత తేలిగ్గా పడాలని గంధకం కలుపుతారు, కనీసం 0.15 శాతం, యాసిడ్ వెళ్లి అక్కడే పట్టుకుంటుంది. అయస్కాంతం పెట్టి తేల్చుదామంటే కుదరదు, రెండింటికీ దాదాపు అంటదు. లేత్ మీద ఉన్న అబ్బాయిని అడుగు, చిప్స్ పొట్టిగా విరిగి పడ్డాయా, తీగల్లా పొడుగ్గా చుట్టుకున్నాయా అని. పొట్టిగా పడితే 303 అని నా అనుమానం బలపడుతుంది, స్టీలుతో వచ్చిన సర్టిఫికెట్‌తో సరిచూసుకో.

303కి పలచటి నైట్రిక్ యాసిడ్ పనికిరాదు, పలచనైతేనే ఎక్కువ కొరుకుతుంది. 45 నుంచి 55 శాతం యాసిడ్, 50 డిగ్రీల దగ్గర, 30 నిమిషాలు. దానికి ముందూ తర్వాతా 5 శాతం కాస్టిక్ సోడా నీళ్లలో, 70–80 డిగ్రీల వేడిలో, అరగంట ఉంచి కడిగితే గంధకం ఉన్న చోట్ల సందుల్లో దాక్కున్న యాసిడ్ కూడా చచ్చిపోతుంది. యాసిడ్‌లో డైక్రోమేట్ అనే రసాయనం కలపమని పాతవాళ్లు చెబుతారు, అది క్యాన్సర్ తెచ్చే సరుకు, నువ్వు దాని జోలికి పోకు.

గ్రేడ్ సరిగ్గానే ఉంటే నీళ్లు చూడు. ఒక ఎండాకాలం యాసిడ్ ట్యాంకులో మట్టం తగ్గిందని బోరు నీళ్లు పోయించాను. ఆ వారం దించిన 416 గ్రేడ్ ముక్కలన్నీ ముదురు బూడిద రంగులో తేలాయి, గుడ్డతో తుడిస్తే మసి అంటింది. నీళ్లలోని క్లోరైడే కారణం. ట్యాంకులో కలిపిన యాసిడ్ మొత్తం తీసేసి డీఎం నీళ్లతో (లవణాలు తీసేసిన నీళ్లతో) కొత్తగా కలిపాకే దారికొచ్చింది. కలిపేటప్పుడు నీళ్లలోకి యాసిడ్ పొయ్యి, యాసిడ్‌లోకి నీళ్లు ఎప్పుడూ వద్దు.

నూనె కూడా ఇంతే చేస్తుంది. కడిగిన ముక్క మీద నీళ్లు ఒకే పొరగా పరుచుకోవాలి, బొట్లు బొట్లుగా విడిపోతే దాన్ని యాసిడ్ దాకా రానివ్వకు.

నల్లబడ్డవి వెంటనే బఫింగ్‌కి (రుద్ది మెరుగు పెట్టడానికి) పంపకు, ముందు మైక్రోమీటర్‌తో కొలువు. యాసిడ్ తిన్నది టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) లోపలే ఉంటే బఫ్ చేసి మళ్లీ పాసివేట్ చెయ్యొచ్చు. దాటిపోతే పని ఇచ్చిన పార్టీకి ఇవాళే ఫోన్ చేసి చెప్పేసెయ్. హీట్ నంబర్ (స్టీలు ఏ కరుగులోదో చెప్పే నంబర్) ఉన్న సర్టిఫికెట్ ఫొటో రాత్రికి పంపు, కలిసి చూద్దాం.