పితూరీ చెప్పడం, పితూరీ లేవదీయడం

సందేహం: మాది హనుమకొండ. బడికి పోయే మా మనవడు పాఠంలో 'రంప పితూరీ' అని చదివి, "నానమ్మా, పితూరీలు చెప్పొద్దంటావు కదా, మరి అల్లూరి సీతారామరాజు ఎవరి మీద చెప్పాడు?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు. రెండూ ఒకే మాటా? మన రాంజీ గోండు, కొమురం భీం పోరాటాలను కూడా పితూరీ అనవచ్చా? ఇంకోటి, కొమురం అని రాయాలా, కుమ్రం అనా, కుమురం అనా?

సమాధానం: రెండూ ఒకే మాటమ్మా. మీ మనవడు మంచి చోటే పట్టుకున్నాడు. పెద్దవాళ్లం ఆ రెండు పితూరీలనూ రెండు వేర్వేరు గూళ్లలో పెట్టేసి, ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడం.

అరబ్బీలో 'ఫుతూర్' అంటే సడలిపోవడం, నీరసించడం. పారశీకం, ఉర్దూల్లోకి వచ్చేసరికి అది లోపం, గడబిడ, కలత అనే అర్థాలు తెచ్చుకుంది. 'ఫితూరీ' అంటే అక్కడ గడబిడ చేసే మనిషి. మనం మాత్రం మనిషిని వదిలేసి, ఆ పనికే పితూరీ అని పేరు పెట్టుకున్నాం. ఫ మన నోటికి పరాయి అక్షరం. ఫకీరును పకీరు అన్నట్టు, ఫిర్యాదును ఇప్పటికీ చాలామంది పిర్యాదు అన్నట్టు, ఇదీ పితూరీ అయింది. రాతలో పితూరీ అనే రాయండి. ఫితూరీ అంటే తప్పు కాదు గానీ ఎవరూ అలా పలకరు. హిందీలో ఇదే 'ఫితూర్' ఇప్పుడు వెర్రి, పిచ్చిపట్టు అనే అర్థానికి పోయింది. అది మన లెక్కలోకి రాదు.

గడబిడ అనే ఆ ఒక్క అర్థం నుంచే తెలుగులో రెండు కొమ్మలు వచ్చాయని నా అభిప్రాయం. ఇద్దరి మధ్య చిచ్చుపెట్టే మాట ఇంట్లో పితూరీ. దానికి మనకు కొండేలు, చాడీలు అని సొంత మాటలు ముందే ఉన్నాయి, అయినా ఇదీ వచ్చి చేరింది. సర్కారు మీద జనం లేస్తే కచేరీలో, అంటే సర్కారు ఆఫీసులో, పితూరీ. మద్రాసు ప్రభుత్వం కింది గోదావరి మన్యంలో కొండవాళ్లు లేచినప్పుడల్లా దొరల కాగితాల్లో ఈ మాటే పడింది. మొదట పలికింది ఎవరైనా, అక్కడ దాన్ని స్థిరం చేసింది రాజ్యం కలం.

1879 నాటి రంప పితూరీనే చూడండి. రంప ముఠాల (కొండ ఊళ్ల గుంపుల) మీద ఒక మన్సబుదారు, అంటే సర్కారు గుర్తించిన స్థానిక పాలకుడు, ఉండేవాడు. కొండవాళ్లు తమ చెట్ల కల్లు తాము గీసుకుని తాగేవాళ్లు. దాని మీద చిగురుపన్ను వేశారు. పైగా అబ్కారీ చట్టం పేరుతో కల్లు హక్కులను గుత్తదార్లకు ఇచ్చారు. వాళ్ల వసూళ్లు, పోలీసుల మామూళ్లు అదనం. మా చెట్టు, మా కల్లు, నీకెందుకు పన్ను అన్నది వాళ్ల గోడు. విన్న నాథుడు లేడు. ఆ ఏడు మార్చిలో ఠాణాల మీద పడ్డారు. మంట భద్రాచలం వైపు రేకపల్లి దాకా పాకింది. సైన్యాన్ని దించి అణిచాక ప్రభుత్వం చేసిన పని ఏమిటో తెలుసా? ఆ మన్సబుదారును తీసేసింది! అంటే గోడు నిజమేనన్నమాట. మొర పెట్టుకున్నప్పుడు అది పితూరీయే, ఠాణా మీద పడ్డప్పుడూ పితూరీయే. కుర్చీలో కూర్చున్నవాడికి ఈ రెండింటి మధ్య పెద్ద తేడా కనపడదు. మీ మనవడికి ఈ కథే చెప్పండి.

ఇక సీతారామరాజు. 1882 అటవీ చట్టం పోడును కట్టడి చేసింది. రోడ్ల పనికి కూలి సరిగా ఇవ్వకుండా వాడుకునేవాళ్లు. 1922 ఆగస్టులో చింతపల్లి ఠాణా మీద దాడితో మొదలైన పోరు 1924 మేలో ఆయన్ని చంపేదాకా సాగింది. దాన్నీ పాత అలవాటు కొద్దీ రంప పితూరీ అన్నారు. ఇప్పుడా మాటలో తిట్టు మిగల్లేదు. సంఘటనకు పేరైపోయింది కాబట్టి అలాగే ఉంచుకోవచ్చు.

మన వైపు సంగతి వేరు. ఇక్కడ రాజ్యం నిజాంది. తెల్లదొర రెసిడెంటుగా హైదరాబాద్‌లో కూర్చుని పగ్గాలు పట్టుకున్నాడు గానీ, ఊళ్లో జనానికి ఎదురుపడ్డది తహసీలు, జంగ్లాత్ (అటవీ శాఖ), గడీ. 1857 తర్వాత నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు లేచినా, 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో ప్రాణమిచ్చినా, మన జనం నోట పితూరీ అన్న మాట స్థిరపడలేదు. నిర్మల్‌లో మిగిలింది, రాంజీ గోండునూ ఆయన వెంట ఉన్నవాళ్లనూ ఉరితీశారని చెప్పే చెట్టుకు 'వెయ్యి ఉరుల మర్రి' అన్న పేరు. ఏ కచేరీ కలం పెట్టిందీ కాదది. జోడేఘాట్ నుంచి మిగిలింది 'జల్, జంగల్, జమీన్'. జల్ సంస్కృతం నుంచి వచ్చిందే గానీ, జంగల్, జమీన్ కచేరీ ఉర్దూలో ఉన్న మాటలే. ఏలినవాడి భాషనే ఏలినవాడి మీదికి తిప్పారు. నిజాం రాజ్యం మీద రైతులు చేసిన పోరు గురించి జనగామ దిక్కు పల్లెల్లో ముసలివాళ్లను అడగండి. "సాయుధ పోరాటం" అనరు. "సంగం పెట్టిండ్రు", "సంగపోళ్లు వచ్చిండ్రు", "రజాకార్ల కాలం" అంటారు. అందుకని వీటికి పితూరీ అని కొత్తగా తగిలించడం నాకు నచ్చదు. వ్యాకరణం ఒప్పుకోకపోవడం కాదు. మద్రాసు కచేరీ చీటీని తెచ్చి ఆదిలాబాద్ అడవికి అంటించినట్టు ఉంటుంది.

మరి ఏమనాలి? తిరుగుబాటు అనండి, పోరాటం అనండి. తిరుగుబాటు కూడా పాలకుల మాటేనని కొందరు దూరం పెడుతున్నారు. నేను ఒప్పుకోను. దిద్దుబాటు, సర్దుబాటు, కట్టుబాటుల్లాగే అది అచ్చ తెలుగు మాట. 'పడు' నుంచి వచ్చిన 'పాటు' తిరుగు పక్కన చేరి 'బాటు' అయింది. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుంది అంటాం. అందులో తప్పు పిల్లిదని ఎవరంటారు? ఇంకో మాట. ఇవాళ గొప్పగా చెప్పుకునే 'విప్లవం' సంస్కృతంలో అల్లకల్లోలం, వినాశం. అది పైకెక్కింది, పితూరీ సగం ఇంట్లో, సగం చరిత్రలో ఉండిపోయింది.

పేరు సంగతి. కుమ్రం అన్నది గోండుల ఇంటిపేరు. మ, ర జంటగా వస్తే మన నోరు మధ్యలో ఒక అచ్చు దూరుస్తుంది, అలా కుమురం అయింది. పైగా కొమురవెల్లి మల్లన్న, కొమురయ్య అంటూ పెరిగిన వాళ్లం, అందుకే మన దగ్గర కొమురం అయిందనుకుంటాను. నేనూ పైన మీరు రాసినట్టే రాశాను, అలవాటు! ఆ ఇంటివాళ్లు పలికినట్టు కుమ్రం అని రాస్తే మంచిది. జిల్లా పేరుకు మాత్రం ప్రభుత్వం కుమురం భీం ఆసిఫాబాద్ అని వాడుతోంది. దరఖాస్తుల్లో అలాగే రాయండి.