రాణిఖేత్ టీకాకు బదులు కలబంద, సముద్రపు నాచు పాలిశాకరైడ్లు సరిపోతాయా?

నున్న దగ్గర 500 నాటుకోళ్లు పెంచుతున్న మీరు, కలబంద, సముద్రపు నాచుల నుంచి తీసిన పాలిశాకరైడ్లు ఉన్నాయని చెప్పి అమ్ముతున్న ద్రావణాన్ని తాగే నీళ్లలో పోస్తే కొక్కెర తెగులుకూ, అంటే రాణిఖేత్‌కూ, కోడిపిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ వ్యాధి గంబోరోకూ ఇక టీకాలు మానేయవచ్చా అని అడిగారు. మానకూడదు. అలాగని ఆ సీసాలో ఉన్నది ఒట్టి నీళ్లేనని కూడా నేను అనను. దుగ్గిరాల దగ్గర మా మామగారితో కలిసి ఆరేళ్లుగా వనరాజా రకం కోళ్లు పెంచుతున్నాను. అంతకుముందు బయోకెమిస్ట్రీ చదివిన పుణ్యాన ఈ పదార్థాల గురించి కొంత తెలుసు, మిగిలింది దెబ్బతిని నేర్చుకున్నాను.

పాలిశాకరైడ్ అంటే చక్కెర అణువులు గొలుసుగా అల్లుకున్న పెద్ద అణువు. మనం తాగే గంజిలోని పిండిపదార్థమూ ఆ జాతిదే, కానీ అది వైరస్‌ను ఏమీ చేయలేదు. వైరస్‌ల మీద బాగా పనిచేసేవి ఎక్కువగా సల్ఫేట్ తగిలిన గొలుసులు: గోధుమరంగు నాచులోని ఫ్యూకోయిడాన్, ఎర్రనాచులోని కారజీనన్, పచ్చనాచులోని అల్వాన్. (గోధుమరంగు నాచును శాస్త్రవేత్తలు మొక్కల వంశంలో చేర్చరు. సీసా మీద మాత్రం ‘మొక్కల సారం’ అనే రాసి ఉంటుంది.) సల్ఫేట్‌కు ఉన్న రుణావేశం వల్ల ఈ గొలుసులు వైరస్ పైపొరలోని ప్రోటీన్లకు అంటుకుని, అది కణాన్ని పట్టుకోకుండా, కణంలోకి చొరబడకుండా అడ్డుపడతాయి. ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. ఎర్రనాచు సారం కోడిగుడ్డులోని పిండాన్ని ఇన్‌ఫ్లుయెంజా-బి, గవదబిళ్లల వైరస్‌ల నుంచి కాపాడిందని 1958లోనే ప్రచురించారు. చైనాలోని నాన్‌జింగ్‌లో ఆస్ట్రాగలస్ వేరు పాలిశాకరైడ్‌కు ప్రయోగశాలలో సల్ఫేట్ తగిలించి, కోడిపిండ కణాల మీద గంబోరో వైరస్‌ను అణచగలిగారు. కలబందలోని ఎసిమన్నాన్‌కు సల్ఫేట్ ఉండదు కనుక దాని దారి వేరు. అది మాక్రోఫేజ్ కణాలను, అంటే క్రిములను మింగే రక్షణ కణాలను, మేల్కొలిపి రోగనిరోధక శక్తికి ఊతమిస్తుంది, అందుకే దాన్ని టీకాకు తోడుగా వాడి చూశారు.

మీరు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఇక్కడుంది. ఫ్యూకోయిడాన్ రాణిఖేత్ వైరస్‌ను ఆపుతుందని 2012లో వచ్చిన పరిశోధనలో, కణాల మీద ప్రయోగించిన వైరస్ రకం లసోటా, అంటే మనం ఐస్ డబ్బాలో పెట్టి తెచ్చి కోడిపిల్లల కంట్లో చుక్క వేసే టీకాలోని సజీవ వైరసే. ఆ పదార్థం బాగా పనిచేసింది వైరస్ కణంలోకి ప్రవేశించే తొలి దశలోనే. ఇక ఒకే డ్రమ్ములో ద్రావణమూ లసోటా టీకా కలిపితే ఏమవుతుందో ఆలోచించండి.

నేను ఆలోచించలేదు. ‘టీకా నీరసం’ తగ్గుతుందని అమ్మిన మనిషి చెబితే, ఒక బ్యాచ్‌కు 28వ రోజు లసోటా నీళ్లలోనే ఆ ద్రావణాన్నీ పోశాను. రెండు వారాల తరువాత అనుమానం వచ్చి, పది కోళ్లకు రెక్క కింది ఈకలు పీకి సిర నుంచి రక్తం తీసి, సిరంజిలను ఏటవాలుగా పెట్టి, సీరం (రక్తం గడ్డకట్టాక విడిపోయే పలుచని ద్రవం) తేలాక యాంటీబాడీల పరీక్షకు పట్టుకెళ్లాను. ఆ పరీక్షలో ప్లేటు గుంటల్లో సీరాన్ని రెట్టింపు చొప్పున పలుచన చేస్తూ పోయి, అందులో రాణిఖేత్ వైరస్‌నూ కోడి ఎర్రరక్తకణాలనూ కలుపుతారు. యాంటీబాడీలు ఉన్నంతవరకు ఎర్రకణాలు గుంట అడుగున బొత్తంలా దిగుతాయి, ప్లేటు వంచితే కన్నీటి చుక్కలా జారుతాయి. 16 వంతుల పలుచన వరకైనా అలా జారితేనే పాజిటివ్‌గా లెక్క. మా పదింటిలో ఆరు అక్కడి దాకా రానేలేదు. మా మామగారు ప్లేటు వంక చూసి, “మందు గట్టిదేనమ్మా, ముందు మన టీకానే పట్టేసింది” అన్నారు.

నేరమంతా సీసా మీద వేయడం న్యాయం కాదు. ఆ రోజు బోరు చెడిపోయి క్లోరిన్ వేసిన కుళాయి నీళ్లు వాడాం, క్లోరిన్‌ను విరిచే వెన్న తీసిన పాలపొడి కలపడమూ మరిచిపోయాం, క్లోరిన్ కూడా టీకా వైరస్‌ను చంపుతుంది. తరువాతి బ్యాచ్‌కు ద్రావణాన్ని టీకాకు మూడు రోజుల ముందే ఆపి, లీటరుకు 2.5 గ్రాముల పాలపొడి కలిపిన బోరు నీళ్లతో టీకా ఇచ్చాం, టైటర్లు, అంటే యాంటీబాడీల స్థాయిలు, బాగానే వచ్చాయి.

ఇంట్లోనే కలబంద గుజ్జు తీసి పోద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఆ గుజ్జులో 98 శాతానికి పైగా నీరే. మేము పోసి చూస్తే, మే నెల ఎండకు మధ్యాహ్నానికల్లా పులిసి, నిపుల్ డ్రింకర్ల గొట్టాల్లో జిగట పేరుకుంది. పిల్లలు ముక్కుతో పొడిచినా చుక్క రాక అల్లాడుతుంటే, రెండు రోజులు గొట్టాలు ఊడదీసి కడుక్కున్నాం.

మీ కోళ్లకు మొదటి వారంలో లసోటా కంటిచుక్క, 14వ రోజు గంబోరో, 28వ రోజు మళ్లీ లసోటా, 8వ వారంలో రాణిఖేత్‌కే వేసే మరో టీకా ఆర్2బి ఇంజెక్షన్ తప్పనిసరిగా వేయించండి. ద్రావణం కొనాలని మనసుంటే, అందులో ఏ పాలిశాకరైడ్ ఎంత శాతం ఉందో, సల్ఫేట్ ఉన్నదో లేనిదో, కోళ్ల మీద పరీక్షించారో లేక గాజుపాత్రలోని కణాల మీదేనో అమ్మేవారిని అడగండి. ఇంత పొడుగు గొలుసులు పేగు దాటి రక్తంలోకి చేరడం బహు తక్కువ కనుక, గాజుపాత్రలో వచ్చిన ఫలితం డ్రింకరు ద్వారా అలాగే వస్తుందని ఆశించలేం. వాడినా టీకాల మధ్య రోజుల్లోనే వాడండి.

మెడ వంకర తిరిగి, ఆకుపచ్చగా పారుతూ కోళ్లు వరసగా చస్తుంటే అప్పుడు సీసా జోలికి వెళ్లకండి. వైరస్ కణాల్లోకి చేరిపోయాక ఆ గొలుసులకు చేయగలిగింది స్వల్పం. పైగా చూపుకు బర్డ్ ఫ్లూ, రాణిఖేత్ ఒకేలా ఉంటాయి. వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి, నమూనాలు అవసరమైతే వారే భోపాల్ ప్రయోగశాలకు పంపుతారు. అంతవరకు చచ్చిన కోళ్లను ఎవరూ చూడకుండా ఏలూరు కాలువలో పడేయకండి, సున్నం చల్లి లోతుగా పూడ్చండి.