కొండలకి లోతు రావడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: అక్రిలిక్ రంగులతో మంచు కొండల బొమ్మ వేస్తున్నాను. దూరంగా ఉన్నవాటికి నీలం ఎక్కువ కలపాలని చదివి అలాగే వేశాను. అయినా అట్టముక్కలు కత్తిరించి ఒకదాని వెనక ఒకటి అంటించినట్టుంది. ఇంకా నీలం పెంచమంటారా?

జవాబు: వద్దండీ, ఇప్పటికే ఎక్కువై ఉంటుంది. దూరం పోయేకొద్దీ ముందుగా తేలిపోయేవి నీడలు. ఒకసారి బొమ్మని ఫోన్‌తో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో చూడండి, వెనక కొండ నీడా ముందు కొండ నీడా ఒకే ముదురులో ఉంటే చిక్కు అక్కడే ఉంది.

మధ్యలో ఉన్న గాలి నీలం కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది, ఆ వెలుగు వచ్చి కలవడం వల్లే దూరపు రాళ్లు నీలంగా కనిపిస్తాయి. మంచు దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. ఎండ పడిన మంచు నుంచి బయల్దేరిన తెల్లని వెలుగులో నీలం కొంత దారిలోనే చెదిరిపోతుంది కాబట్టి, అది మన దాకా వచ్చేసరికి కాస్త పసుపు వైపు తిరుగుతుంది. అందుకని దూరపు మంచుకి టైటానియం వైట్‌లో (తెలుపు) రవ్వంత ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలపండి. మంచు మీది నీడకి మాత్రం నీలం ధైర్యంగా వాడొచ్చు, దాని మీద పడేది ఎక్కువగా ఆకాశం వెలుగే కదా.

ఇక ఎత్తు సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు. 5,500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు సగమే, తేమా దుమ్మూ కూడా ఎక్కువగా కిందే ఉండిపోతాయి. అంటే శిఖరం స్పష్టంగా, కొండ పాదం పాలిపోయి కనిపించాలి. మీరు పైనుంచి కింద దాకా ఒకే రంగు నింపేసి ఉంటారు, అట్టముక్కలా అనిపించేది అందుకే. శిఖరం అంచు పదునుగా ఉంచి, కిందికి దిగేకొద్దీ ఆకాశం అంచున వాడిన లేత రంగునే కొంచెం కొంచెంగా కలుపుతూ రండి. ఆ పాలిపోయిన పాదం మీదికి ముందు కొండ ముదురు అంచు వచ్చిందంటే, మీరు గీయకపోయినా మధ్యలో లోయ కనిపిస్తుంది. కులూ లోయలో స్థిరపడి 1947లో చనిపోయేదాకా హిమాలయాలు వేసిన నికొలస్ రోరిక్ బొమ్మలు దొరికితే చూడండి, శిఖరాల అంచులు ఎంత తేటగా ఉంటాయో!

నలుపు ట్యూబు పక్కన పెట్టేయండి, అల్ట్రామెరైన్ అనే ముదురు నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపితే రాళ్లకి కావలసిన బూడిదరంగు వస్తుంది. ఇంకొకటి, అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది, కాబట్టి వెనక కొండల రంగుని మీరు అనుకున్నదానికంటే ఒక మెట్టు లేతగానే కలుపుకోండి.